పయనీరూ ప్యూనూ ఒక్క తల్లి బిడ్డలే

ఒక ఇంగ్లీషు మాట ఈమధ్య మన మండలాల్లో ఇస్త్రీ చొక్కా తొడుక్కొని తిరుగుతోంది. ఆ మాట 'పయనీర్'. ఆయిల్‌పామ్ రైతుకు శాలువా కప్పే సభకు పోతే మైకులో అదే మాట. కాలేజీ పెట్టినాయన, ఆసుపత్రి పెట్టినాయన, చేపల చెరువు తవ్వించినాయన పుట్టినరోజుకు పేపర్లో వేసే ప్రకటనలోనూ అదే మాట. మన మొక్కజొన్న చేలకు ఆ మాట విత్తనాల సంచీ మీద అచ్చయ్యి ఎప్పుడో వచ్చింది కాబట్టి నోటికి కొత్తేమీ కాదు. అర్థం అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతారు. మార్గదర్శి అంటారు, ఆద్యుడు అంటారు. పండితులైతే వైతాళికుడు అంటారు. వైతాళికుడంటే తెల్లారగట్ల రాజుగారిని పాటపాడి నిద్రలేపేవాడని వాళ్లకు గుర్తుండదు. రాజును లేపినవాడు ప్రజలను లేపినవాడు ఎట్లా అయ్యాడో అది వేరే పంచాయితీ, ఇంకోసారి తేల్చుకుందాం.

ఇంతకు ముందు ఎవరూ పోని చోటికి మొదట పోయినవాడు పయనీరు. అందరూ ఒప్పుకునే అర్థం ఇదే. మా పేచీ కూడా ఇక్కడే. ఎవరూ పోని చోటు అని తేల్చిందెవరు? ఎవరి లెక్క ప్రకారం అక్కడ ఎవరూ లేరు?

అశ్వారావుపేట నుంచి ఏ దిక్కుకు నడిచినా ఒక గూడెం తగులుతుంది. కోయలు, కొండరెడ్లు రెవెన్యూ రికార్డు పుట్టకముందు నుంచీ ఉన్నవాళ్లు. కొండరెడ్ల మీద హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు పుస్తకమే రాశాడు. అది 1945లో అచ్చయింది. నైజాం సర్కారు తర్వాత ఆయన్ను ఆదివాసుల విషయాల్లో సలహాదారుగా పెట్టుకుంది కూడా. గొడ్డలి, తవ్వుకోల పట్టుకొని కొండవాలు మీద పోడు కొట్టుకొని బతికే మనుషుల సంగతంతా ఆయన రాసిపెట్టాడు. అంటే ఇక్కడ మనుషులున్నారని సర్కారుకు తెలుసు, పండితులకు తెలుసు. అయినా కోస్తా నుంచి ఎకరాలు అమ్ముకొని వచ్చి ఇక్కడ పదింతలు కొనుక్కున్నాయన 'అడవిని బాగుచేసిన పయనీరు' అయ్యాడు. వందేళ్ల నుంచి అదే అడవిలో పోడు కొట్టినవాడు 'ఆక్రమణదారు' అయ్యాడు. ఇద్దరూ చేసింది ఒక్కటే పని. ఇద్దరూ చెట్టు కొట్టారు, పొదలు నరికారు, దున్నారు, విత్తారు. ఒకాయన మెడలో దండ పడింది, ఇంకొకాయన మీద కేసు పడింది.

ఈ తేడా నాగలి చాలులో పుట్టలేదు, కాగితంలో పుట్టింది.

ఇప్పుడు ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. తెలిస్తే మనవాళ్లు నవ్వుకుంటారు. పయనీరు అనేది ఫ్రెంచి భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. అక్కడ దాని అర్థం కాలిబంటు. గుర్రం లేనివాడు, కాళ్ల మీద నడిచేవాడు. సైన్యం కదలాలంటే ముందుగా పారలు, గొడ్డళ్లు పట్టుకొని పోయి దారి చెయ్యాలి, వాగు మీద వంతెన కట్టాలి, కందకం తవ్వాలి. ఆ పని చేసే కాలిబంట్లను పయనీర్లు అన్నారు. అదే వేరు నుంచి పోర్చుగీసు నోట ఇంకో మాట పుట్టి ఓడెక్కి మన దేశానికి వచ్చింది. అది 'ప్యూను'. అవును, మన మండలాఫీసు ముందు స్టూలు మీద కూర్చునే ప్యూనే. చదరంగంలో ముందు వరసలో నిలబడి ముందు చచ్చే బంటుకు ఇంగ్లీషులో ఉన్న పేరు కూడా ఆ వేరుదే. మన తెలుగులోనూ అట్లాగే జరిగింది చూడండి. యుద్ధంలో బంటు, చదరంగంలో బంటు, ఆఫీసులో బంట్రోతు. కత్తి పట్టినవాడు చివరికి ఫైలు మోసేవాడయ్యాడు.

అంటే పయనీరూ ప్యూనూ ఒక్క తల్లి బిడ్డలు. ఒకడు పెరిగి పెద్దాయన ఫొటో కింద పేరైపోయాడు, రెండోవాడు ఆ పెద్దాయనకు టీ తెస్తున్నాడు. మన పిల్లలు పదో తరగతి పాసయ్యి ఉద్యోగమడిగితే వచ్చేది రెండోవాడి కుర్చీ. సారీ, స్టూలు.

ఇది ఏదో మాటల ఆట అనుకోకండి. ఇంగ్లీషువాడి సైన్యంలో పయనీరు పనికి ఎవరిని పెట్టారో చూడండి. మద్రాసులో 1780లో రెండు కంపెనీల పయనీర్లను కూడగట్టారు. తర్వాత అదే మద్రాసు శాపర్స్ అనే పెద్ద దళమైంది, అందులో పరయ కులస్తులు పెద్ద సంఖ్యలో పనిచేశారు. పంజాబులో మజ్హబీ సిక్కులని ఉన్నారు. ఊడ్చే పని చేసిన కులం నుంచి సిక్కు మతంలోకి పోయినా అంటరానితనం వదలనివాళ్లు. వాళ్లతో 23, 32, 34 నంబర్ల పయనీర్ల పటాలాలు నిలబెట్టారు. 1895లో చిత్రాల్ కోటలో ఇంగ్లీషువాళ్లు చిక్కుకుపోతే, గిల్గిత్ నుంచి షాందూర్ కనుమ మీదుగా నిలువులోతు మంచులో ఫిరంగులు మోసుకుపోయింది 32వ పటాలంవాళ్లే. 1903-04లో టిబెట్ మీదికి పోయిన దండులోనూ ఈ పటాలాలవాళ్లు ఉన్నారు. ఎవరూ పోని చోటికి మొదట పోయినవాడు పయనీరైతే, అసలు పయనీరు ఆ మజ్హబీ సిక్కు. పుస్తకాల్లో మాత్రం కర్నలు పేరుంటుంది. 1930ల మొదట్లో ఈ పయనీరు పటాలాలన్నిటినీ రద్దుచేసి మనుషులను ఇంటికి పంపారు. అంతకు ముందే, 1890ల్లో, మహార్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపారు. మహార్ కుటుంబంలో పుట్టిన బాబాసాహెబ్ అంబేద్కర్ తండ్రి రాంజీ సుబేదారు దాకా ఎదిగిన సిపాయి. దారి పడ్డాక దారి వేసినవాడు పనికిరాకుండా పోయాడు. యుద్ధం చేసే జాతులు వేరే ఉన్నాయని దొరలకు అప్పుడు గుర్తొచ్చింది.

మన జిల్లాలోకే వద్దాం. సింగరేణి బొగ్గును ఎవరు కనిపెట్టారని పోటీపరీక్షలో అడుగుతారు. 1871లో విలియం కింగ్ అని రాస్తే మార్కు వేస్తారు. ఆయన పేరుతో బొగ్గు పొరకు 'కింగ్ సీమ్' అని పేరు కూడా ఉంది. ఆయన చదువుకున్నవాడు, నేల పొరలు చదవగలిగినవాడు, ఆ విద్యను మేం తక్కువ చెయ్యం. కానీ భద్రాద్రి రాముడి దర్శనానికి నడిచిపోయే జనం పొయ్యికి నల్లరాళ్లు పెడితే అవి అంటుకొని మండాయనీ, అట్లా సంగతి బయటపడిందనీ ఇక్కడ ముసలివాళ్లు చెప్పుకునే కథ. ఆ అన్నం వండుకున్న ఆడమనిషి పేరు ఏ పొరకూ పెట్టలేదు. తర్వాత బావిలోకి మొదట దిగిన మనిషి పేరు? అది కూడా లేదు. దిగింది ఎవరో మన వాడల్లో అందరికీ తెలుసు.

ఆయిల్‌పామ్ సంగతి చెప్పకుండా అశ్వారావుపేట మాట పూర్తికాదు. ఆ చెట్టు పుట్టింది పశ్చిమ ఆఫ్రికాలో. మన ప్రాంతంలో 1990ల తొలినాళ్లలో మొక్కలు నాటారు. 1993లో ఆయిల్‌పామ్‌కు ప్రత్యేకంగా చట్టమే చేశారు. ఏ ఊరి గెలలు ఏ ఫ్యాక్టరీకి పోవాలో ఆ చట్టం కింద హద్దులు గీస్తారు. అశ్వారావుపేటలో ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీ వచ్చింది, తర్వాత దమ్మపేట మండలం అప్పారావుపేటలో రెండోది వచ్చింది. 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 11,040 కోట్ల రూపాయలతో జాతీయ మిషన్ ప్రకటించింది. మొక్కకు సబ్సిడీ, డ్రిప్పుకు సబ్సిడీ, కాపు రాని మొదటి నాలుగేళ్లకు సాగు ఖర్చు. ఈ పంట వల్ల కొందరు రైతులు అప్పుల్లోంచి బయటపడ్డారు, అది నిజం. చిన్నరైతు బాగుపడితే మాకు కడుపుమంట లేదు.

కానీ ఆ తోటలో ఎవరెక్కడున్నారో చూడండి. సబ్సిడీ పట్టాదారు పాసుపుస్తకం వెంట నడుస్తుంది. ఎస్సీ, ఎస్టీ రైతుకు డ్రిప్పు నూటికి నూరు శాతం ఉచితమని రాసుకున్నారు. ఎంత దయ! భూమి లేనివాడికి డ్రిప్పు పైపు ఇస్తే దండెం కట్టుకోవడానికి పనికొస్తుంది. పొడవాటి గెడకు కొడవలి కట్టి తలపైకెత్తి గెల కోసేది మనవాడు. ఆ గెడ పక్కనున్న కరెంటు తీగకు తగిలితే పోయేది మనవాడి ప్రాణం. ముళ్లమట్టలు ఈడ్చి, రాలిన కాయలు ఒక్కొక్కటి ఏరి గోతంలో పోసేది మన ఆడవాళ్లు. ఇంకో ముచ్చట ఎవరూ మాట్లాడరు. వరి ఉన్న చోట నాట్లకు, కలుపుకు, కోతకు ఆడవాళ్లకు పని దొరికేది. అదే పొలంలో పామాయిల్ చెట్టు పాతికేళ్లు పైన నిలబడుతుంది. నాటు లేదు, కలుపు తక్కువ, కోతకు మగముఠా. పట్టాదారుకు కూలీల బాధ తప్పిందని సభల్లో గొప్పగా చెబుతారు. తప్పిన ఆ బాధ ఎవరి కూలి? ఒక ఊరు మొత్తం పామాయిల్ అయ్యిందంటే ఆ ఊరి మాలవాడ, మాదిగవాడ ఆడవాళ్లు ఆటో ఎక్కి పొరుగు మండలానికి మిరపకాయలు కొయ్యడానికి పోతున్నారని అర్థం. వాళ్లు తెల్లారి నాలుగింటికి లేచి, ఎన్నడూ చూడని ఊరికి, పేరు తెలియని మేస్త్రీ వెంట పోతారు. కొత్త చోటికి పోవడమే గొప్పయితే వాళ్ల కన్నా పయనీరు ఎవరు?

ఇక అసలు గండం దగ్గరికి వస్తున్నాం. ఇది చదివేవాళ్లలో కొందరికి కోపం రావచ్చు. రానీయండి, చెప్పక తప్పదు.

ఏజెన్సీలో దళితుడి బతుకు అటూ ఇటూ కాని బతుకు. మన తాతలు చాలామంది ఇక్కడికి తమంత తాము రాలేదు. దొరవెంట పాలేర్లుగా, పొగాకు బేరన్ల దగ్గర కూలీలుగా, రోడ్డుపనికి, కట్టెకోతకు వచ్చారు. దొర వచ్చి భూమి పెట్టుకున్నాడు, మన తాత వచ్చి గుడిసె పెట్టుకున్నాడు. చట్టం దృష్టిలో ఇద్దరికీ ఒకే పేరు: 'గిరిజనేతరుడు'. షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు చట్టం 1959లో వచ్చింది, 1963లో తెలంగాణ ప్రాంతానికి వర్తింపజేశారు, 1970లో సవరించారు. మనమంతా 1/70 అంటామే, అదే. ఏజెన్సీలో భూమి గిరిజనుడికి తప్ప ఇంకెవరికీ బదలాయించకూడదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. 1997 సమత తీర్పు ఏజెన్సీ భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదంది.

ఇంత గట్టి చట్టం ఉన్నా ఏమైంది? కోనేరు రంగారావు కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక చూడండి. ఆయన దళితుడు, మంత్రి. ఏజెన్సీలో దాదాపు సగం భూమి గిరిజనేతరుల చేతుల్లోనే ఉందని ఆ కమిటీ తేల్చింది. ఆ సగంలో మనవాడి వాటా ఎంతో మన కంచాలు చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు ఏం జరుగుతోంది? 1/70 ఎత్తెయ్యాలనే ఊరేగింపు ఎప్పుడు తీసినా పెద్ద రైతులు మన వాడకు వస్తారు. మామూలప్పుడు గడప తొక్కనివాళ్లు అప్పుడు 'అన్నా, మనమంతా గిరిజనేతరులం' అంటారు. ముందువరసలో నిలబడమంటారు. అంటే మళ్లీ బంటే! చదరంగంలో ముందుండి ముందు చచ్చేవాడు. గెలిస్తే భూమి వాళ్లది, కొట్లాట జరిగితే కేసు మనది. ఆదివాసికీ దళితుడికీ మధ్య గొడవ పెట్టాలంటే ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు. మేం సూటిగా చెబుతున్నాం, ఆ ఊరేగింపులో మనవాళ్లు నడవకూడదు. ఆదివాసి చేతిలో మిగిలిన ఆ కాస్త భూమికి ఉన్న ఒక్క కంచె 1/70. కంచె పీకితే లోపలికి వచ్చేది మన మేక కాదు, దొర ట్రాక్టరు.

అట్లాగని దళితుడికి భూమి వద్దా? కావాలి, గట్టిగానే కావాలి. 2014 ఆగస్టు 15న దళిత కుటుంబానికి మూడెకరాల పథకం మొదలుపెట్టారు. ఏజెన్సీ దళితుడికి ఆ దారి పుట్టకముందే మూసుకుంది, భూమి కొని అతని పేర బదలాయించడానికి చట్టం ఒప్పదు కాబట్టి. ఇతని కోసం మైదానంలో మిగులుభూమి చూపిస్తామని ఏ పార్టీ అయినా అన్నదా? చట్టాన్ని మాత్రం అందరూ తిడతారు. మన పోరాటం మైదానంలో సీలింగు దాటి దాచుకున్న భూమి మీద, సర్కారు భూమి మీద ఉండాలి, గూడెం మీద కాదు.

అడవిభూమి సంగతి ఇంకా విచిత్రం. 2006 అటవీహక్కుల చట్టం ఆదివాసికి ఒక లెక్క పెట్టింది, మిగతా అడవివాసులకు ఇంకో లెక్క పెట్టింది. ఆదివాసి 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉంటే చాలు. ఆదివాసి కానివాడు అంతకు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవిలో ఉండి అడవి మీద బతికినట్టు చూపించాలి. లెక్క వేసుకోండి, 1930. నైజాం రాజ్యం, వెట్టి రోజులు. అప్పుడు మన ముత్తాత ఇక్కడున్నాడని రాసిపెట్టింది ఎవరు? దొర చిట్టాలో నూకల బాకీ కింద ఒక పేరు ఉండొచ్చు. ఆ చిట్టా దొర ఇంట్లో చెదపట్టి ఉంటుంది. పయనీరుకు శిలాఫలకం ఉంది, మనకు చెదపురుగు ఉంది. 2023 జూన్ 30న మొదలుపెట్టి నాలుగు లక్షల ఆరు వేల ఎకరాలకు లక్షా యాభైఒక్క వేల మంది గిరిజన రైతులకు పోడు పట్టాలు ఇచ్చారు. వాళ్లకు రావలసిందే వచ్చింది, ఆలస్యంగా వచ్చింది, మేం సంతోషిస్తున్నాం. అదే అడవి అంచున అదే పోడు కొట్టిన మాల మాదిగ రైతు పట్టా లేకుండానే ఇంటికి పోయాడు.

ఇంకా కింద ఒక మెట్టు ఉంది, అక్కడ గుత్తికోయలున్నారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు తగలబడి ప్రాణాలు దక్కించుకోవడానికి అడవి దాటి ఇటు వచ్చినవాళ్లు. పుట్టిన చోట ఆదివాసులు, ఇక్కడ ఏ జాబితాలోనూ లేనివాళ్లు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజి అధికారి హత్య జరిగింది. అది ఘోరం, ఆ హత్యను సమర్థించేవాళ్లు మా పత్రిక చదవనక్కరలేదు. కోర్టు దోషులకు యావజ్జీవం వేసింది. కానీ ఒక్క నేరంతో ఒక జాతి మొత్తాన్ని 'ఆక్రమణదారులు, పంపెయ్యండి' అనడం ఏ న్యాయం? మన వాడలో ఒకడు తప్పు చేస్తే వాడ మొత్తాన్ని తగలబెట్టినవాళ్ల న్యాయం అది. కారంచేడు, చుండూరు చూసిన మనం ఆ న్యాయాన్ని ఇంకొకరి మీద ఒప్పుకోం.

అడవి దాటి వచ్చినవాడు దోషి, రాష్ట్రం దాటి వచ్చినవాడు దోషి. మరి 2014లో మనిషి కదలకుండానే కుక్కునూరు, వేలేరుపాడు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. పోలవరం కోసం రాష్ట్రమే వాగు దాటి నడిచింది. రాష్ట్రాన్ని ఎవరూ ఆక్రమణదారు అనలేదు.

ముందు పుట్టినవాళ్లం, ముందు వచ్చినవాళ్లం అనే మాట మనవాళ్లు ఇప్పుడు కొత్తగా అనడం లేదు. 1917లో బెజవాడలో పంచమ సభ జరిగితే, అధ్యక్షుడు భాగ్యరెడ్డివర్మ పంచమ అనే పేరే వద్దన్నాడు. మేం అయిదోవాళ్లం కాదు, మొదటివాళ్లం అన్నాడు. సభ పేరు ఆది-ఆంధ్ర అయ్యింది. ఏ ఇంగ్లీషు మాటా అరువు తెచ్చుకోకుండా ఒక్క 'ఆది'తో పని అయ్యింది. వరసలో చివర నిలబెట్టినవాళ్లు వరసనే తిప్పేశారు.

పని విషయం ఒకటి చెప్పి ఆపుతాం. అటవీహక్కుల నియమాల్లో రుజువులంటే పట్టాకాగితాలే అని లేదు. ఊరి పెద్దలు తమకు తెలిసింది చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా రుజువే. తవ్విన బావి, కట్టిన కట్ట, పాతిపెట్టిన సమాధి కూడా రుజువే. ఇట్లాంటివి కనీసం రెండు కావాలి. హక్కు అడిగే మనిషి తన గురించి తానే చెప్పుకుంటే చాలదు, వేరే పెద్దమనిషి చెప్పాలి. ఆ పెద్దమనిషి పక్క గూడెం కోయ ముసలాయన అయితే ఇంకా మంచిది. ఇంతకాలం మన రెండు వాడల మధ్య పెట్టిన గొడవకు అదొక జవాబు కూడా. ఎనభై దాటిన అవ్వలు, తాతలు ప్రతి వానాకాలం కొందరు తగ్గిపోతున్నారు. సంఘం పిల్లలు ఈ పదిహేను రోజుల్లో ఒక నోటుబుక్కు పట్టుకొని వాడవాడా తిరగాలి. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరి వెంట వచ్చారు, మొదటి గుడిసె ఎక్కడ వేశారు, ఏ బావి తవ్వారు, ఎవరిని ఎక్కడ పాతిపెట్టారు, అప్పుడు ఆ పక్కన ఏ గూడెం ఉంది. తల్లి పేరు మరిచిపోకండి, దొర చిట్టాలో అసలే లేనిది అదే.